పన్నెండు వరుసల తెర

నరసరావుపేట,
5-9-1988

షంషాదూ,

అన్న దువా. నువ్వూ, నీ లేడీస్ హాస్టలూ, ఆ హైదరాబాదు కుళాయి నీళ్ళూ అన్నీ కులాసా అని తలుస్తాను. మీ వదిన అమీనా బీ నిన్ను అడిగినట్టు రాయమంది. తన మోకాళ్ళ నొప్పుల సంగతి రాయొద్దంది, అందుకని రాయడం లేదు.

మన పత్తి కంపెనీ బ్రాంచికి కంప్యూటరు దిగింది. నువ్వు హెడ్డాఫీసు కంప్యూటరు గదిలోనే ఉన్నావు కాబట్టి నీకు ముందే తెలిసి ఉంటుంది. లారీలోంచి కొత్త పెళ్ళికూతురిని దించినట్టు దించారు. దానికి చల్లగాలి మిషను పెట్టి గది కట్టారు. నేను పంతొమ్మిదేళ్ళుగా టైపు కొట్టే గదిలో ఫ్యాను తిరగక రెండేళ్ళయింది. రైతు తెచ్చిన పత్తి లాటు వివరాలు ఇక రిజిస్టరులో రాసేది లేదట. ఇక్కడ నేను కొడితే ఫోను తీగ మీద పోయి అక్కడ మీ పెద్ద కంప్యూటరులో పడాలట. కానీ మీవాళ్ళు పంపిన ప్రోగ్రాము ఈ పెట్టెకు మోయలేనంత బరువట. మొదలుపెట్టగానే ఆగిపోతోంది.

మేనేజరు అందరినీ నిలబెట్టి చెప్పాడు. "సీజను మొదలయ్యేలోగా ఇది నడిపేవోళ్ళు ఉంటారు, నడపలేనోళ్ళు ఇంటికి పోతారు. నాకాడ దాపరికం లేదు." గుమాస్తా చిన్నప్ప ఆ వారమే ఇంటికి పోయాడు.

ఇంకో మాట ఉంది, నీలోనే ఉంచుకో. నా కళ్ళు మసకబారాయి. గుంటూరు డాక్టరు నీటికాసులని చెప్పి చుక్కల మందు ఇచ్చాడు. ఆ తెర మీద అక్షరాలు నాకు చీమల బారులా ఉన్నాయి. ఆఫీసులో తెలిసిందంటే చిన్నప్ప వెనకాలే నేను. ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. టైపు కొట్టడం తప్ప నాకు ఇంకో పని చేతకాదని నీకు తెలుసు. ఏదన్నా దారి ఉంటే చూడు.

ఉత్తరం ఆఫీసుకే రాయి. మన సందులోకి పోస్ట్‌మాన్ రాక నెలయింది.

మీ అన్న
కాలేషా

హైదరాబాద్,
13-9-1988

అన్నకు సలాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కళ్ళ సంగతి నాకు భయంగా ఉంది. చుక్కలు వేళకు వేసుకో, వదినకు అప్పజెప్పు.

కంప్యూటరు సంగతి మాత్రం నాకు వదిలెయ్. మీ బ్రాంచిలో ఉండాల్సింది నిజానికి టెర్మినల్ అనే వట్టి తెరా మీటలూ. దానికి సొంత బుర్ర ఉండదు, ఇక్కడి పెద్ద కంప్యూటరు చెప్పింది చూపిస్తుంది, నువ్వు కొట్టింది ఇక్కడికి పంపుతుంది. మీకు వచ్చింది బుర్ర ఉన్న చిన్న కంప్యూటరు. దాని చేత టెర్మినల్ వేషం వేయించాలి. పగటివేషగాడు పోలీసు వేషం కట్టుకుని వస్తే ఊరు లేచి నిలబడేది చూడు, అలా. ఆ వేషం వేయించే ప్రోగ్రామును టెర్మినల్ ఎమ్యులేటర్ అంటారు. మావాళ్ళు పంపిన దానిలో పనికిరాని హంగులు సగం. నేను తేలికైనది ఒకటి సొంతంగా రాస్తున్నాను. ఒక్క ఫ్లాపీలో సగం కూడా నిండదు.

నీ కోసం అక్షరాలు రెట్టింపు చేస్తున్నాను. తెర మీద ఇరవై నాలుగు వరుసలు పట్టేచోట పన్నెండే పడతాయి. మిగతావి మీట నొక్కితే వస్తాయి. మా ఆఫీసరుగారు అడిగితే బ్రాంచిలో వెలుతురు తక్కువని చెప్పాను. ఈ నౌకరీ నాకు నీ టైపు మిషను మీద వచ్చింది, నీకోసం ఈ మాత్రం అబద్ధం ఆడగలను.

నీ చెల్లెలు
షంషాద్

నరసరావుపేట,
3-10-1988

షంషాదూ,

ఫ్లాపీ రెండోసారి పంపినందుకు నీకు బోలెడు దువాలు. మొదటిది పాడవడానికి కారణం నేనే. భద్రంగా ఉంటుందని టైపు మిషను సామాన్ల డబ్బాలో పెట్టాను. అందులో మరలు ఏరుకునే అయస్కాంతం ఉంది. అది నీ ప్రోగ్రామును ఊడ్చుకుపోతుందని నాకేం తెలుసు.

రెండోదాన్ని మాత్రం వాచ్‌మన్ ఇమాం సాహెబ్ తాయెత్తులా రెండు చేతులతో పట్టుకొచ్చాడు. మేనేజరు అందరి చేతా చెప్పులు విప్పించాడు. నువ్వు రాసిన వరస ప్రకారం ఫ్లాపీ పెట్టి, దాని బుల్లి తలుపు మూసి, ఆ మాట కొట్టాను. కాసేపు గరగరమని, తరవాత ఫోను కూత పెట్టింది, తెర వెలిగింది. మేనేజరు నా భుజం తట్టి, "ఏందయ్యా కాలేషా, మీ చెల్లెలు చానా గట్టిది" అన్నాడు. మన నాన్న ఊళ్ళు తిరిగి దూదేకినవాడు. ఆయన ఉండి ఈ మాట వినాల్సింది.

అక్షరాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కళ్ళ సంగతి ఇక మరిచిపో. చుక్కలు పనిచేశాయి, డాక్టరు కూడా ఇక రానక్కర్లేదన్నాడు. ఉత్తరాల్లో ఆ మాట మళ్ళీ ఎత్తకు.

ఒక చిన్న కోరిక. నేను ఒక గడి నింపి తరవాత గడికి పోయినప్పుడు ఒకసారి గంట కొట్టేట్టు చేయగలవా? తప్పు కొడితే రెండుసార్లు. లాటు అక్కడికి చేరినప్పుడు మూడుసార్లు.

కాలేషా

హైదరాబాద్,
12-10-1988

అన్నకు సలాం.

కళ్ళు బాగైనాయన్న మాట చదివి నా గుండెల మీంచి బండ దిగింది. దర్గాలో చాదర్ కప్పిస్తానని మొక్కుకున్నాను, ఈసారి వచ్చినప్పుడు తీరుస్తాను.

గంట అడిగావని మా గదిలో అందరం నవ్వుకున్నాం. టైపు మిషనులో వరస చివర మోగే గంట లేకపోతే నీకు అన్నం సయించదని నాకు తెలుసు. పెళ్ళిలో కూడా నీకు నాదస్వరం కంటే ఆ గంటే ఇంపు. అడిగినట్టే పెట్టాను, ఒకటి, రెండు, మూడు. ఈ కవరులోనే ఉంది. దీన్ని అయస్కాంతం దగ్గరికి చేర్చకు.

షంషాద్

నరసరావుపేట,
9-11-1988

షంషాదూ,

సీజను మొదలైంది. నకరికల్లు వైపు నుంచి బండ్లు తెల్లారేసరికే గేటు ముందు బారు తీరుతున్నాయి. పత్తి చూసి రకం తేల్చే వీరయ్య కిటికీలోంచి అరుస్తాడు, నేను కొడతాను. లాటు, ఊరు, తూకం, రకం, తేమ. గంట, గంట, గంట. మూలన ఉన్న పంపే మీట నొక్కితే మూడు గంటలు. నిన్న ఒక్కరోజే నూట పన్నెండు లాట్లు, ఒక్క తప్పు లేదు. పిడుగురాళ్ళ బ్రాంచిలో ఇద్దరు కలిసి డెబ్బై కూడా కొట్టలేదని మేనేజరు ఊరంతా చెబుతున్నాడు.

నీ ఉత్తరంలో నాదస్వరం ముక్కకు మా పెద్ద గుమాస్తా గోపాలకృష్ణయ్య గారు కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వారు. నీ దస్తూరీ ముచ్చటగా ఉందన్నారు.

ఇప్పుడున్నది ఉన్నట్టే ఉంచు. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

కాలేషా

హైదరాబాద్,
19-11-1988

అన్నకు సలాం.

నూట పన్నెండు లాట్ల సంగతి ఇక్కడ కూడా తెలిసింది. నా ప్రోగ్రామును మిగతా బ్రాంచీలకు కూడా పంపాలని మా ఆఫీసరుగారు అంటున్నారు. అందుకని వారమంతా కూర్చుని దాన్ని ఇంకా బాగుచేశాను. ఏం మారిందో ఇక్కడ రాయను. ఫ్లాపీ పెట్టగానే తెర మీదే పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది, చదువుకో. చేతికి ఎంత సుఖమో నువ్వే చెబుతావు.

ఒక్క విషయం నాకు నచ్చలేదు. నీకు రాసిన ఉత్తరాలు గోపాలకృష్ణయ్య గారికి ఎందుకు చూపిస్తావు? చెల్లెలు అన్నకు రాసుకునేది పదిమంది చదివేది కాదు. ఇకమీదట చూపించనని మాట ఇవ్వు.

షంషాద్

నరసరావుపేట,
1-12-1988

షంషాద్,

నిన్ను ఎవరు మార్చమన్నారు? ఉన్నది ఉన్నట్టే ఉంచమని రాశానా లేదా?

సోమవారం నీ కొత్త ఫ్లాపీ పెట్టాను. పొద్దున్నుంచి నలభై మూడు లాట్లు కొట్టి, ప్రతిదానికీ మూలమీట నొక్కాను. మూడు గంటలు మోగలేదు, ఒకటే మోగింది. తీగ బాగాలేదేమో, తరవాత చేరతాయిలే అనుకున్నాను. మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి ఫోను, ఒక్క లాటూ రాలేదని. ఆ మీట పంపడం మానేసి చెరిపేస్తోందని అప్పుడు తెలిసింది. నలభై మూడు బండ్ల రైతులు రెండు రోజులు గేటు బయట ఉన్నారు. మంచుకు పత్తి తడిసి ధరణికోట ఆయన సరుకు ఒక రకం కిందికి పోయింది. ఆయన నన్ను తిట్టలేదు, ఊరికే చూసి, "నువ్వయినా చూసుకోవద్దా అబ్బాయ్" అన్నాడు. దానికంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదీ నువ్వు చేసిన పని. మేనేజరు ఇప్పుడు నా కుర్చీ వెనక నిలబడుతున్నాడు. పాతదే పంపు. వెంటనే పంపు.

ఉత్తరాలు ఎవరికీ చూపించనులే.

కాలేషా

హైదరాబాద్,
8-12-1988

అన్నకు,

పాత ఫ్లాపీ ఇందులో ఉంది.

మూలన ఉన్న మీటకు ప్రతిసారీ చెయ్యి చాపాలని, నీ చిటికెనవేలు నొప్పి పుడుతుందని, పంపే మీటను దగ్గరికి జరిపి, మూలమీటకు చెరిపే పని పెట్టాను. ఆ సంగతి తెర నిండా రాశాను. మనిషి చదివేదాకా పోకుండా, ఏదో ఒక మీట నొక్కితేనే పోయేట్టు పెట్టాను. నువ్వు నొక్కి దాటేశావు. వారం రోజులు నేను నీ కోసం కూర్చుని రాసిన దాన్ని ఒక్కసారి కళ్ళెత్తి కూడా చూడలేదు. రైతుల ఉసురు నాకూ తగులుతుంది, కాదనను. కానీ చూసుకోనిది నువ్వు.

ఇక నీ జోలికి రాను. ఆ ప్రోగ్రామును నేను మళ్ళీ ముట్టుకోను.

షంషాద్

హైదరాబాద్,
20-12-1988

అన్నా,

పద్నాలుగో తారీఖున నువ్వు ఎప్పటిలాగే ఇంట్లో మన తెలుగు మిషను మీద కొట్టి పంపిన ఉత్తరం అందింది. పేజీ మొత్తంలో చదవదగ్గ మాట ఒక్కటి లేదు. గుణింతాలు, ఒత్తులు, సున్నాలు, అన్నీ కలగాపులగం. ముందు మిషను చెడిందనుకున్నాను. తరవాత కోపంతో అలా కొట్టావనుకున్నాను. ఆదివారం మళ్ళీ తీసి చూస్తే ఒకే రకం గజిబిజి పదేపదే వస్తోంది.

నువ్వు నా చేతుల మీద తువ్వాలు కప్పి ఆ మీటలు నేర్పించావు కదా. ఏ మీట ఎక్కడుందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కాగితం మీద మీటలన్నీ గీసుకుని, నువ్వు కొట్టిన ప్రతి అక్షరానికీ ఎడమ పక్క మీట మీది అక్షరం రాసుకుంటూ పోయాను. మాటలు వచ్చాయి. నీ వేళ్ళు ఒక మీట కుడికి జరిగి కూర్చున్నాయి, పేజీ చివరిదాకా అలాగే కొట్టావు. చూపున్నవాడు మొదటి మాట దగ్గరే ఆగుతాడు.

ఏం వచ్చిందో తెలుసా అన్నా? "నీ మీద కోపం లేదమ్మా. నువ్వు రాసింది చూడకపోవడం నా తప్పే. తెర మీద అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి. నా చూపుకేమీ ఢోకా లేదు."

ఎప్పటి నుంచి? అక్షరాలు బ్రహ్మాండంగా ఉన్నాయని రాసిన రోజుకే కనిపించడం లేదా? అందుకేనా గంటలు అడిగావు? నేను నవ్వాను. నలుగురినీ పిలిచి నవ్వించాను. నువ్వు గంటలు లెక్కపెట్టుకుంటూ చీకట్లో కొడుతుంటే, తెర మీద పెద్ద అక్షరాలతో రాశానే చూడలేదా అని నిన్ను నిలదీశాను.

నీకు చూపు లేదని నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మీట ముట్టుకునేదాన్నే కాదు. ఇప్పటికైనా దాచకు. ఏ కన్ను ఎంత కనిపిస్తోందో ఉన్నదున్నట్టు రాయి. ఇంకా ఏయే గంటలు కావాలో రాయి, అన్నీ పెడతాను. ఆఫీసులో ఎవరికీ తెలియకుండా ఆరేళ్ళూ నిన్ను నేను దాటిస్తాను.

నీ
షంషాద్

నరసరావుపేట,
31-12-1988

షంషాదూ,

ఈ ఉత్తరం సవ్యంగా వస్తుందనుకుంటాను. నేను వేళ్ళు ఆనించే రెండు మీటల మీద మీ వదిన లక్క చుక్కలు అంటించింది. కొట్టే ముందు తడుముకుంటున్నాను.

నీ ఉత్తరం మొన్న శుక్రవారం అందింది. నువ్వు అడిగినదానికి జవాబు ముందు చెబుతాను. ఎడమ కన్ను శ్రావణంలోనే పోయింది. కుడిది అక్టోబరు దాకా కాస్త ఆనింది. నువ్వు పంపిన పెద్ద అక్షరాలు నేను నిజంగానే చూశాను, ఒక పది రోజులు. అది అబద్ధం కాదు.

తరవాత నుంచి నీ ఉత్తరాలు గోపాలకృష్ణయ్య గారే చదివిపెడుతున్నారు. కళ్ళజోడు రిపేరుకు ఇచ్చానని ఆయనతో అన్నాను. రెండు నెలలు రిపేరులో ఉండే కళ్ళజోడు ఎక్కడా ఉండదు, ఆయనకు అర్థమయ్యే ఉంటుంది, పెద్దమనిషి కాబట్టి అడగలేదు. నువ్వు చూపించొద్దన్నావు, చూపించనని రాశాను. మరి ఎవరి చేత చదివించను? మీ వదినకు అక్షరం రాదు.

శుక్రవారం భోజనాల వేళ మామూలుగానే చదవడం మొదలుపెట్టారు. మేనేజరు, వీరయ్య కూడా అక్కడే ఉన్నారు. నీ ఉత్తరాలంటే వాళ్ళకూ సరదా, నవ్వుకోవచ్చని కూర్చున్నారు. గోపాలకృష్ణయ్య గారు మీటలు, తువ్వాలు అని చదువుకుంటూ పోయి, చూపున్నవాడు మొదటి మాట దగ్గరే ఆగుతాడు అన్నచోట ఆగారు. "మిగతాది తరవాత చదువుకుందాంలే కాలేషా" అన్నారు. నేనే బుద్ధి లేక, "ఫరవాలేదు, కానివ్వండి" అన్నాను. నీ గొంతు ఎలాగుందో వినాలనిపించింది. ఆయన చదవలేదు. మేనేజరు కాగితం లాక్కుని తనే చదువుకున్నాడు.

"ఏందయ్యా ఇది, నిజమేనా?" అన్నాడు. నిజమే అన్నాను. ఆయన అరవలేదు. "నూట పన్నెండు లాట్లు కళ్ళు లేకుండానే కొట్టావా" అని రెండుసార్లు అడిగాడు. సాయంత్రం పనిలోంచి తీసేసిన కాగితం ఇచ్చాడు. ఆయన్ని తప్పుపట్టను. గేటు బయట రెండు రోజులు నిలబడ్డ రైతులకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

నా కుర్చీలోకి మేరీ అని కొత్త పిల్ల వచ్చింది. మంచి పిల్ల. వారం రోజులు వచ్చి నేర్పించమంటే పోతున్నాను. చేతుల మీద తువ్వాలు కప్పితే నీలాగే నవ్వింది. ఆ పిల్లకు అక్షరాలు మరీ పెద్దవిగా ఉన్నాయట, పన్నెండు వరుసలే కనిపిస్తే లాట్లన్నీ ఒక్కసారి ఆనడం లేదట. గంట మోతకు తలనొప్పి వస్తోందట. మొహమాటపడి నీకు రాయలేక నాతో చెప్పింది. అక్షరాలు చిన్నవి చేసి, గంట తీసేసి ఒక ఫ్లాపీ పంపు. నాకోసం కాదులే, ఆ పిల్ల పని ఆగకుండా.

ఉత్తరం ఇక ఇంటికే రాయి. పోస్ట్‌మాన్ రావడం ఎప్పుడూ మానలేదు. చదవడానికి సందులో ఎవరో ఒకరు దొరుకుతారు.

కాలేషా

హైదరాబాద్,
9-1-1989

అన్నకు సలాం.

మేరీ గారి ఫ్లాపీ ఇందులో ఉంది. ఇరవై నాలుగు వరుసలూ కనిపిస్తాయి. గంట లేదు. నాలుగు నెలలు నువ్వు అడిగి పెట్టించుకున్నవన్నీ తీయడానికి నాకు పావుగంట పట్టింది. మిగతా బ్రాంచీలకు కూడా ఇదే పంపమన్నారు.

నీ పని పోగొట్టింది నేను. నీకు చూపు లేదని తెలిసిన రోజునే, ఆ మాటే కాగితం మీద రాసి, నువ్వు చదువుతావని పోస్టు డబ్బాలో వేశాను. కవరు మీద ఆఫీసు అడ్రసు రాస్తున్నప్పుడు కూడా నాకు తట్టలేదు. ఇన్నేళ్ళూ నా ఉత్తరం అంటే నువ్వు చదువుకునేదే. నీ కళ్ళు పోయాయని మనసుకు తెలిసింది, చేతికి తెలియలేదు. నన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమించేస్తావు, అదే నాకు కష్టంగా ఉంది.

ఇక్కడ పెద్ద డాక్టరును అడిగాను. నీటికాసులతో పోయిన చూపు రాదన్నాడు. గుంటూరు ఆయన నీతో ఇదే చెప్పి ఉంటాడు, రానక్కర్లేదన్నాడని నువ్వు రాసింది అందుకేనని ఇప్పుడు తెలిసింది. శనివారం బస్సుకు వస్తున్నాను.

ఈ ఉత్తరం చదివిపెడుతున్నది ఎవరో నాకు తెలియదు. అయ్యా, అమ్మా, మీరెవరైనా సరే, మీకు నా సలాం. దయచేసి నెమ్మదిగా చదవండి. మధ్యలో ఆయన నవ్వినా, మీరు వేగం పెంచకండి. మళ్ళీ చదవమని అడగడం ఆయనకు నామోషీ. అడగకపోయినా రెండోసారి చదవండి. చదవడం అయ్యాక కాగితం మడిచి పక్కన పెట్టకుండా ఆయన చేతికి ఇవ్వండి.

షంషాద్